పరిశోధనలో రోగి మాటకు చోటెక్కడ?

క్లుప్తంగా: వైద్య పరిశోధనకు రక్తం, ఎక్స్‌రేలు, వివరాలు ఇచ్చేది జనమే. ఏ ప్రశ్న మీద పరిశోధన జరగాలో తేల్చేది మాత్రం వాళ్లు కాదు. ఆ నిర్ణయంలో రోగులకూ చోటుండాలన్న ఆలోచన నలభై ఏళ్ల కిందట విదేశాల్లో బలపడి, ఇప్పుడు అంతర్జాతీయ నియమాల్లోకి ఎక్కింది. మన నియమాలు సమ్మతి సంతకం దగ్గర గట్టిగానే ఉన్నాయి. అంతకు ముందు జరగాల్సిన పని దగ్గరే పలచబడ్డాయి. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో దీని ప్రభావం ఎలా ఉంటుందో, మారితే ఏం మారవచ్చో ఈ వ్యాసం చూస్తుంది.

ఒకే గది, రెండు పనులు

కర్నూలు పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకుని లైన్లో నిలబడ్డ మనిషికి వైద్యం వేరు, పరిశోధన వేరు అని తెలియకపోవడంలో వింతేమీ లేదు. రెండూ అదే గదిలో జరుగుతాయి. అదే తెల్లకోటు, అదే సూది. డాక్టరు రాసిన రక్తపరీక్షకు తోడు ఇంకాస్త రక్తం తీసి, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అంటే అదీ వైద్యంలో భాగమే అనుకుంటారు. పెట్టకపోతే మందులు ఇవ్వరేమోనన్న భయం కూడా కొందరిలో ఉంటుంది.

పరిశోధన అనగానే చాలామందికి మందుల కంపెనీలు, కొత్త టీకాలు గుర్తుకొస్తాయి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో రోజూ జరిగే పరిశోధన అంత పెద్దగా కనిపించేది కాదు. ఎండీ, ఎంఎస్ చదివే ప్రతి విద్యార్థీ థీసిస్ రాయాలి. 1957లో మొదలైన కర్నూలు వైద్య కళాశాల, 2000లో వచ్చిన అనంతపురం కళాశాల, 2006లో వచ్చిన కడప రిమ్స్ వంటి చోట్ల ఆ థీసిస్‌కు కావలసిన "కేసులు" అక్కడి వార్డుల్లోని రోగులే. బత్తలపల్లిలో స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ నడిపే ఆసుపత్రి సంగతి కాస్త వేరు. పాత అనంతపురం జిల్లాలోని హెచ్‌ఐవీ రోగుల వివరాలను ఏళ్ల తరబడి క్రమంగా నమోదు చేయడంతో అక్కడి నుంచి అంతర్జాతీయ పత్రికల్లో పలు వ్యాసాలు వచ్చాయి.

అంటే సీమ జనం వైద్య పరిశోధనకు కొత్తవాళ్లు కాదు. ఎంతో కాలంగా అందులో ఉన్నారు. ఏ హోదాలో ఉన్నారన్నదే చూడాల్సిన విషయం.

పాల్గొనడం వేరు, పాలుపంచుకోవడం వేరు

ఈ చర్చలో గందరగోళమంతా మూడు పనులను ఒకే గాటన కట్టడం వల్ల వస్తోంది.

మొదటిది పాల్గొనడం. రక్తం ఇవ్వడం, మాత్ర వేసుకోవడం, సర్వేకు జవాబు చెప్పడం ఇందులోకి వస్తాయి. రెండోది తెలియజెప్పడం. ఊళ్లో సభ పెట్టి ఫలానా అధ్యయనం జరుగుతోందనో, ఫలితం ఇదనో చెప్పడం. మూడోది పాలుపంచుకోవడం. ఏ జబ్బు మీద, ఏ ప్రశ్న మీద పరిశోధన చేయాలి, రోగిని ఎన్నిసార్లు పిలవాలి, మందు పనిచేసిందని దేన్నిబట్టి చెప్పాలి, ఫారంలో ఏ భాష ఉండాలి అన్న నిర్ణయాల్లో రోగులకో, వాళ్ల ఇంట్లోవాళ్లకో, ఆ ఊరివాళ్లకో మాట ఉండటం. మూడో పనిలో వాళ్లు పరిశోధనకు సరుకు కారు, సలహాదారులు.

బ్రిటన్‌లో స్థిరపడిన నిర్వచనం ఈ తేడాను తేలిగ్గా పట్టిస్తుంది. జనం మీద, జనం గురించి, జనం కోసం చేసే పరిశోధన ఒకటి. జనంతో కలిసి చేసేది, జనమే చేసేది మరొకటి. ప్రజల భాగస్వామ్యానికి అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లోనే ఎనిమిది మెట్ల నిచ్చెన గీశారు. అడుగు మెట్ల మీద జనాన్ని మభ్యపెట్టి ఒప్పించడం, నడిమి మెట్ల మీద అభిప్రాయం అడిగి పక్కన పెట్టడం, పై మెట్ల మీద నిర్ణయాధికారం ఉంటాయి. ఆమె రాసింది పట్టణ ప్రణాళికల గురించే అయినా వైద్యరంగం దాన్ని అరువు తెచ్చుకుంది. మన గ్రామసభల తీరు చూసినవాళ్లకు ఆ నడిమి మెట్లు బాగా తెలిసినవే.

ఎక్కడ మొదలైంది

ఈ ఆలోచనకు ఊపు ఎయిడ్స్ రోగుల పోరాటం నుంచి వచ్చింది. 1983లో అమెరికాలోని డెన్వర్‌లో కలుసుకున్న కొందరు ఎయిడ్స్ రోగులు తమను "బాధితులు" అని పిలవొద్దని, తమ గురించి నిర్ణయాలు జరిగే ప్రతి స్థాయిలో తమకు చోటివ్వాలని ప్రకటించారు. మందు లేని రోజులవి. కొత్త మందును మనుషుల మీద పరీక్షించే ట్రయల్‌లో చోటు దొరకడం, దొరకకపోవడం ప్రాణాల మీదికి వచ్చే సంగతి. 1994లో పారిస్‌లో 42 దేశాలు హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల భాగస్వామ్యాన్ని సూత్రంగా ఒప్పుకున్నాయి.

బ్రిటన్‌లో 1996లో దీనికోసం ప్రత్యేకంగా ఒక సలహా బృందం ఏర్పడింది. అక్కడి జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ నిధుల దరఖాస్తుల్లో రోగులను ఎలా కలుపుకున్నారని అడుగుతుంది. 2014 నుంచి బీఎంజే (బ్రిటిష్ మెడికల్ జర్నల్) పత్రిక రోగుల భాగస్వామ్యాన్ని తన విధానంలో చేర్చి, పరిశోధనా వ్యాసాల్లో దాని గురించి రాయమంటోంది. ఇక 1964 నుంచి వైద్య పరిశోధన నీతికి ప్రపంచమంతా ప్రమాణంగా చూసే హెల్సింకి ప్రకటనను 2024 అక్టోబరులో సవరించారు. పరిశోధనకు ముందు, జరుగుతుండగా, అయిపోయాక కూడా పాల్గొనేవాళ్లను, వాళ్ల సమాజాలను అర్థవంతంగా కలుపుకోవాలన్న మాట అందులో చేరింది. విదేశీ నిధులతో సీమలో అధ్యయనం చేయాలనుకునే ఎవరైనా ఇప్పుడు ఈ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోక తప్పదు.

ఎవరి ప్రశ్న?

రోగులను కలుపుకుంటే పరిశోధన ఎందుకు మెరుగవుతుంది? ఇందులో మర్యాద, న్యాయం అన్న కోణాలు ఉన్నాయి. వాటిని పక్కన పెట్టినా లెక్కగా తేలే కారణం ఒకటుంది. పరిశోధకుల ప్రశ్నలు, రోగుల ప్రశ్నలు తరచూ ఒకటి కావు.

2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక చిన్న పరిశీలన ఇందుకు తరచూ ఉదాహరణగా వస్తుంది. మోకాళ్ల అరుగుదల మీద అప్పటిదాకా జరిగిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం మందుల మీదే. రోగులను అడిగితే వాళ్లకు కావలసింది మోకాలి మార్పిడి, ఫిజియోథెరపీ, జబ్బుతో ఎలా నెట్టుకురావాలన్న అవగాహన. కీళ్లవాతం పరిశోధకుల అంతర్జాతీయ బృందం 2002లో తన సమావేశానికి రోగులను పిలిచినప్పుడు మరో సంగతి బయటపడింది. డాక్టర్లు వాపు, నొప్పి, బిగుసుకుపోవడం కొలుస్తున్నారు. రోగులేమో అన్నింటికన్నా తమను కుంగదీసేది నీరసం అన్నారు. తర్వాత కీళ్లవాతం అధ్యయనాల్లో నీరసాన్నీ కొలవాలన్న సిఫారసు వచ్చింది. వైద్య పరిశోధనకు పెట్టే డబ్బులో దాదాపు 85 శాతం వృథా అవుతోందని 2009లో ఇద్దరు నిపుణులు అంచనా వేశారు. అందుకు వాళ్లు చూపిన నాలుగు కారణాల్లో మొదటిది రోగులకు అక్కర్లేని ప్రశ్నలు ఎంచుకోవడం.

ఇదే కొలతను అనంతపురానికి తెచ్చి చూడొచ్చు. వానలు తక్కువ, బోర్లు లోతు, నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదన్నది మన ప్రమాణం. ఈ సమస్య మీద అధ్యయనం చేసేవాళ్లు సాధారణంగా నీటిలో ఫ్లోరైడ్ ఎంత, మూత్రంలో ఎంత, బడిపిల్లల్లో గారపళ్లు ఎందరికి అని చూస్తారు. కొలవడానికి వీలైనవి అవే. ఒక పత్రానికి సరిపోయే పట్టికలూ వస్తాయి.

అదే ఊళ్లో నడుము వంగిపోయిన మనిషి అడిగేది ఇంకోటి. నేల మీద కూర్చుంటే మళ్లీ చెయ్యి పట్టుకోకుండా లేవగలనా? క్యాన్ నీళ్లు తాగడానికే కొంటున్నాం, సంగటి మాత్రం బోరు నీళ్లతోనే గెలుకుతున్నాం, దాంతో లాభం ఉంటుందా? పిల్లకు ఇప్పుడు నీళ్లు మారిస్తే ఎముకలు బాగుపడతాయా? వీటిలో రెండో ప్రశ్న చూడటానికి చిన్నదే గానీ పరిశోధనకు ముఖ్యమైనది. తాగేనీరు ఒక్కటే లెక్కలోకి తీసుకుని వంటనీటిని వదిలేస్తే, ఆర్వో ప్లాంటు పెట్టినా ఒంట్లో ఫ్లోరైడ్ ఎందుకు తగ్గలేదో తెలియక తికమక పడాల్సి వస్తుంది. ఇంట్లో వంట చేసే మనిషిని ప్రశ్నావళి తయారీలో ముందే కూర్చోబెడితే ఆ తప్పు జరగదు.

గర్భసంచి ఆపరేషన్లు ఇంకో ఉదాహరణ. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఎందరికి చేశారు, ఎక్కడ చేశారు, ఎంత ఖర్చయింది అన్నవి ప్రభుత్వానికి కావలసిన లెక్కలు. ముప్పై అయిదేళ్లకే ఆపరేషన్ చేయించుకున్న కూలిమనిషికి కావలసింది, ఆ తర్వాత ఎన్నాళ్లకు మళ్లీ కలుపు తీయగలదు, ఈ నడుమునొప్పి ఆపరేషన్‌దా పనిదా, తీయించుకోకుండా ఉండే దారి ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సిందా అన్నది. మొదటి రకం లెక్కల నుంచి రెండో రకం జవాబులు రావు. వాటికి వేరే అధ్యయనం వేయాలి.

సుగ్గికి పోయిన మనిషి

ప్రశ్న సరైనదే అయినా అధ్యయనం మధ్యలో చెడిపోవచ్చు. దీనికి కర్నూలు పడమటి మండలాలే మంచి పాఠం.

కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు ఊళ్లలో ఖరీఫ్ పనులు ముగిశాక కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు పత్తి, మిరప కోతలకు వెళ్తాయి. దాన్ని అక్కడ సుగ్గి అంటారు. ఇంట్లో ముసలివాళ్లు, ఒక్కోసారి బడిపిల్లలు మాత్రమే మిగులుతారు. ఇప్పుడు ఒక అధ్యయనం ఆగస్టులో రక్తహీనత ఉన్న గర్భిణులను చేర్చుకుని, ఆరు నెలల తర్వాత మళ్లీ రక్తం చూస్తామని రాసుకుందనుకుందాం. ఆరో నెల ఫిబ్రవరిలో పడుతుంది. సగం ఇళ్లకు తాళం. పరిశోధకుడి పట్టికలో వాళ్లంతా "ఫాలోఅప్‌కు రాలేదు" అన్న గడిలోకి పోతారు.

నష్టం సంఖ్య తగ్గడంతో ఆగదు. సుగ్గికి పోయేవాళ్లు సాధారణంగా భూమి తక్కువ ఉన్నవాళ్లు, అప్పులున్నవాళ్లు, తిండి సరిగా లేనివాళ్లు. ఊళ్లో మిగిలినవాళ్లు వాళ్లకన్నా కాస్త మెరుగు. మిగిలినవాళ్ల రక్తమే చూసి మాత్రలు బాగా పనిచేశాయని రాస్తే ఆ ఫలితం ఒకవైపు వాలిపోయినట్టే. గణాంకాలతో సరిచేసే పద్ధతులు ఉన్నాయి గానీ, లేని సమాచారాన్ని అవి తెచ్చిపెట్టలేవు. ఊళ్లోని ఆశా కార్యకర్తనో, పొదుపు సంఘం లీడర్‌నో ప్రణాళిక దశలోనే అడిగి ఉంటే రెండే మాటల్లో చెప్పేది: దీపావళి దాటాక ఎవరూ దొరకరు, ఉగాదికి వస్తారు. రెండో రక్తపరీక్షను ఉగాదికి జరపడమో, గుంటూరు వైపు శిబిరాల దగ్గరికే వెళ్లడమో అప్పుడు ఆలోచించే వీలుండేది.

ఇలాంటివే ఇంకొన్ని. ఉదయం పరగడుపున రమ్మంటే తొలి బస్సు ఎన్నింటికి? ఒకరోజు ఆసుపత్రికి వస్తే పోయే కూలి ఎంత? ప్రయాణ ఖర్చు, పోయిన కూలి చెల్లించొచ్చని భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు చెబుతున్నా, ఎవరి నిధులూ లేని థీసిస్‌లో ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది వేరే సంగతి.

భాష గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సమ్మతి పత్రం తెలుగులో ఉంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ తెలుగు "యాదృచ్ఛిక కేటాయింపు" అని ఉంటే చదువుకున్నవాళ్లకే నోరు తిరగదు. "చీటీలు తీసినట్టు తీస్తాం, మీకు ఏ మందు వస్తుందో మాకూ తెలీదు" అంటే సగం పని అయిపోతుంది. ఈ మాట పుస్తకాల్లో దొరకదు, రోగుల నోటి నుంచే వస్తుంది. పైగా ఆదోని పడమర కన్నడం మాట్లాడే ఇళ్లున్నాయి, కర్నూలు, కడప పట్టణాల్లో ఉర్దూ ఇళ్లున్నాయి, అనంతపురం వైపు సుగాలీ తండాలున్నాయి. ఒక్క తెలుగు ఫారం వీళ్లందరికీ చాలదు.

ఖమ్మంలో సంతకాలు ఎవరు పెట్టారు?

రోగులను, జనాన్ని ముందుగా కలుపుకోకపోతే ఏమవుతుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకసారి చూసింది. 2009 జులైలో ఖమ్మం జిల్లాలోని మూడు మండలాల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా మీద ఒక అధ్యయనం మొదలైంది. 10–14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి టీకా వేశారు. వాళ్లలో చాలామంది గిరిజన బాలికలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. కొందరి మరణాల వార్తలతో అలజడి రేగి 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అసలు తప్పు సమ్మతి దగ్గర బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి.

ఈ ఘటనను చాలామంది సంతకాల లోపంగానే చూస్తారు. దాని వెనక ఇంకో లోపం ఉంది. తల్లిదండ్రులు ఊళ్లో, పిల్లలు హాస్టల్లో ఉన్నప్పుడు సమ్మతి ఎవరు ఇస్తారన్న ప్రశ్నను టీకా వేసే రోజుకన్నా చాలా ముందే ఆ తల్లిదండ్రులతోనే చర్చించి ఉండాల్సింది. మంచి టీకాకు కూడా చెడ్డపేరు వచ్చింది. ఆ అనుమానం ఏళ్ల తరబడి దేశంలో హెచ్‌పీవీ టీకా ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ వెంటాడింది.

నియమాల్లో రోగి ఎక్కడున్నాడు

ఆ తర్వాత నియమాలు బిగిశాయి. క్లినికల్ ట్రయల్స్‌ను జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయడం అంతకు ముందే, 2009 జూన్ నుంచే తప్పనిసరి. 2019 మార్చిలో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం పరిశోధనకు అనుమతి ఇచ్చే ప్రతి నైతిక కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. వాళ్లలో ఒక సామాన్యుడు, ఒక మహిళ, ఒక న్యాయనిపుణుడు, సామాజిక శాస్త్రవేత్త లేదా స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి వంటి ఒకరు ఉండాలి. సగం మందికి ఆ సంస్థతో సంబంధం ఉండకూడదు. కొత్త మందు అణువుల ట్రయల్‌లో బలహీన స్థితిలో ఉన్నవాళ్ల సమ్మతిని వీడియో తీయాలి.

కాగితం మీద ఇది బలమైన ఏర్పాటే. అయితే ఈ "సామాన్యుడు" ఆ జబ్బు ఉన్న మనిషి కానక్కర్లేదు. అతని ముందుకు వచ్చేది అప్పటికే తయారైన ప్రణాళిక. రోగికి హాని లేదు కదా, ఫారం సరిగా ఉందా అని చూడటమే పని. ఈ ప్రశ్న అసలు అవసరమా అని అడిగే దశ అప్పటికే దాటిపోయి ఉంటుంది. అంటే కమిటీ చేసేది కాపలా, పాలుపంచుకోవడం కాదు.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు సమాజాన్ని కలుపుకోవడం గురించి, సమాజ సలహా మండళ్ల గురించి మాట్లాడతాయి. 2005లో పుణెలో మొదలైన ఎయిడ్స్ టీకా ట్రయల్‌కు అలాంటి మండలి ఉంది. కాబట్టి ఇది మన దేశానికి తెలియనిదేమీ కాదు. తేడా అమలులో ఉంది. సంతకం లేకపోతే పరిశోధన ఆగిపోతుంది. జనాన్ని ముందుగా అడగకపోతే ఏదీ ఆగదు.

బావిలో నీళ్లు కొలిచినవాళ్లు

"మన పల్లెటూరి జనానికి పరిశోధన ఏం తెలుస్తుంది" అన్న అభ్యంతరం తరచూ వినిపిస్తుంది. దీనికి జవాబు విదేశాల్లో వెతకనక్కర్లేదు. నంద్యాలలోనే ఉంది.

2000ల దశకంలో ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే భూగర్భ జలాలను చూసుకునే పథకం ఒకటి ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. వాటిలో అనంతపురం, కర్నూలు, కడప ఉన్నాయి. నంద్యాలకు చెందిన బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ దానికి ముందుండి పనిచేసింది. రైతులు, వాళ్లలో చాలామంది మహిళలు, ఊళ్లో వానమాపకం చూసి రోజూ రాసేవాళ్లు. ఎంచుకున్న బోర్లు, బావుల్లో నీటిమట్టాన్ని పదిహేను రోజులకోసారి కొలిచేవాళ్లు. రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీరెంత, వేయబోయే పంటలకు కావలసిందెంత అని లెక్కకట్టేవాళ్లు. నీళ్లు చాలవని తెలిసినచోట కొందరు వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. తగ్గించమని ఎవరూ ఆజ్ఞాపించలేదు, నష్టపరిహారమూ ఇవ్వలేదు. తాము కొలిచిన అంకెను తాము నమ్మారు.

ఆరోగ్యంలోనూ దీనికి దగ్గరివి ఉన్నాయి. జార్ఖండ్, ఒడిశా ఆదివాసీ గ్రామాల్లో 2005–08 మధ్య మహిళా బృందాలు నెలనెలా కూర్చుని, కాన్పుల్లో ఎదురయ్యే సమస్యల్లో ఏవి ముందో తామే తేల్చుకుని, పరిష్కారాలు తామే అమలు చేశారు. ఆ బృందాలున్న ప్రాంతాల్లో నవజాత శిశు మరణాలు 32 శాతం తక్కువగా నమోదయ్యాయి. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో పల్లె మహిళలకే శిక్షణ ఇచ్చి శిశువులను ఇంటి దగ్గరే చూసుకున్న పద్ధతి, 1999లో ఫలితాలు వెలువడ్డాక, కొన్నేళ్లకు దేశమంతటా ఆశా కార్యకర్తల పనిగా మారింది. కచ్చితంగా చెప్పాలంటే ఇవి పరిశోధన ప్రశ్నను జనం చేతికి పూర్తిగా ఇచ్చినవి కావు. జనం చేయగలరా లేదా అన్న సందేహానికి మాత్రం ఇవి చాలు.

కొలిచేది ఎవరన్నది వివాదాలున్న చోట ఇంకా ముఖ్యం. కడప జిల్లా తుమ్మలపల్లిలో 2012లో యురేనియం ఉత్పత్తి మొదలయ్యాక చుట్టుపక్కల రైతులు బోరునీళ్లు చెడిపోయాయని, చర్మం దురదలు పెడుతోందని అంటూ వచ్చారు. గని యాజమాన్యం ఒప్పుకోలేదు. ఇలాంటి చోట నమూనా ఏ బోరు నుంచి తీయాలి, ఏ నెలలో తీయాలి, ఏ లోహాలు చూడాలి అన్న నిర్ణయాల్లో రైతులు లేకపోతే, వచ్చిన ఫలితం నిజమైనా వాళ్లు నమ్మరు. రైతులే సొంతంగా తీయిస్తే అవతలివాళ్లు నమ్మరు. ఇద్దరూ కలిసి బోర్లను గుర్తించి, నమూనాలను రెండు సీసాల్లో తీసి, రెండు ప్రయోగశాలలకు పంపడం ఒక్కటే ఈ ముడి విప్పే దారి. ఇక్కడ జనాన్ని కలుపుకోవడం మర్యాద కోసం కాదు. ఫలితానికి విలువ నిలబడటానికే.

"జనం" అంటే ఎవరు?

ఈ పద్ధతికి లోపాలు లేవనుకుంటే పొరపాటు. మొదటి చిక్కు ప్రాతినిధ్యం. సీమ ఊళ్లలో రచ్చకట్ట మీద అందరి మాటా ఒకే ఎత్తులో వినిపించదు. గ్రామ ప్రతినిధిని పంపమంటే వచ్చేది సర్పంచి మనిషో, రెండు వర్గాల్లో ఒక వర్గం మనిషో కావచ్చు. ఎస్సీ కాలనీ నుంచి వచ్చిన ఆడమనిషి ఆ గదిలో నోరు తెరవకపోతే ఆమె ఉన్నట్టా లేనట్టా? ఆమెను విడిగా, ఆమె వాడలోనే, ఇంకో నలుగురితో కలిపి కూర్చోబెట్టి అడగడం ఖర్చుతో, సమయంతో కూడిన పని. అయినా ఇంకో దారి లేదు. నాపరాయి గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో దుమ్ము మీద అధ్యయనం చేసేవాళ్లు యజమాని ద్వారా కూలీలను పిలిపిస్తే, దగ్గు ఉందని ఎవరు చెబుతారు? పని పోతుందన్న టెన్షన్ ఉన్నచోట ఆరోగ్యం గురించి నిజం రాదు.

రెండోది మొక్కుబడి. ఒక రోగిని కమిటీలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఫొటో దిగి పంపేయడం ఎక్కడైనా జరుగుతుంది. బ్రిటన్‌లోనూ ఈ ఫిర్యాదు ఉంది. అక్కడ సలహా ఇచ్చిన రోగులకు గంటల లెక్కన డబ్బు ఇవ్వాలన్న మార్గదర్శకం ఉండటంతో కనీసం వాళ్ల సమయానికి ఒక వెల ఉంది.

మూడోది ఆధారాల సంగతి. రోగుల భాగస్వామ్యం వల్ల పరిశోధన మెరుగవుతుందనే వాదన వినడానికి ఎంత సహజంగా ఉన్నా, కొలిచి చూస్తే లాభం మితంగానే కనబడింది. బీఎంజేలో 2018లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, ట్రయల్స్‌లో చేరేవాళ్ల సంఖ్య కొద్దిగా పెరిగింది. చేరినవాళ్లు చివరిదాకా ఉంటారా అన్నదానికి స్పష్టమైన జవాబు దొరకలేదు. ఆ జబ్బును స్వయంగా అనుభవించినవాళ్లు సలహాదారులుగా ఉన్నచోట లాభం ఎక్కువగా కనిపించడం గమనించదగ్గది. ఎవరో ఒక సామాన్యుణ్ని కూర్చోబెట్టడానికీ, ఆ నొప్పి తెలిసినవాళ్లను కూర్చోబెట్టడానికీ తేడా ఉందన్నమాట.

తీసుకెళ్లిన రక్తం ఏమైంది?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద ఏళ్ల తరబడి బృందాలు వచ్చిపోతూనే ఉన్నాయి. "రక్తం తీసుకెళ్లారు, ఏమైందో చెప్పలేదు" అన్నది అక్కడి ఊళ్లలో పదేపదే వినిపించే మాట. అనంతపురం ఫ్లోరైడ్ ఊళ్లలోనూ ఇలాంటి మాటే వినిపిస్తే వింత లేదు. వేగంగా, చౌకగా సరిదిద్దగలిగిన లోపం ఇదే. వ్యక్తిగత ఫలితాన్ని మనిషికి, మొత్తం ఫలితాన్ని ఊరికి చెప్పాలి. దానికి ఒక పేజీ తెలుగు, సచివాలయం నోటీసు బోర్డు, ఏఎన్ఎం చేత ఒకసారి చదివించడం చాలు. ఫలితం "తేడా ఏమీ కనబడలేదు" అని వచ్చినా చెప్పాల్సిందే. అలా చెప్పినప్పుడే తర్వాతి బృందానికి తలుపు తెరుచుకుంటుంది.

మారితే ఏం మారవచ్చు

నిధులతో జరిగే పెద్ద అధ్యయనాల్లో మార్పు బయటి ఒత్తిడితో వస్తుంది. హెల్సింకి సవరణ, పత్రికల షరతులు, నిధులిచ్చే సంస్థల ఫారాలు ఆ పని చేస్తాయి. వాటి వెనకే మొక్కుబడి కూడా వస్తుందని ముందే అనుకోవచ్చు.

వైద్య కళాశాలల్లో సంగతి కష్టం. పీజీలో చేరిన కొద్ది నెలలకే విద్యార్థి అంశం ఎంచుకుని నైతిక కమిటీకి పంపాలి. ఊరు తిరిగి రోగులతో మాట్లాడే తీరిక అతనికి ఉండదు. డ్యూటీలకే నిద్ర చాలదు. కాబట్టి ఈ పని విద్యార్థి మీద వేయడం వృథా. విభాగం చేయొచ్చు. షుగర్ క్లినిక్‌కు, డయాలసిస్‌కు, కీళ్ల ఓపీకి ఏళ్లుగా వస్తున్న ఎనిమిది, పది మంది పాత రోగులను ఏడాదికి రెండుసార్లు కూర్చోబెట్టి, బస్సు ఛార్జీ, ఆరోజు కూలి ఇచ్చి, "మీకు తెలియాల్సింది ఏమిటి?" అని అడిగి, వచ్చిన ప్రశ్నలను ఒక పుస్తకంలో రాసిపెట్టుకుంటే చాలు. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు అంశాల జాబితా గైడ్ చేతిలో ఉన్న పాత థీసిస్‌ల కట్టలోంచి కాక, ఆ పుస్తకంలోంచి మొదలవుతుంది. రాయలసీమలోని ఒక విభాగం ఇది మొదలుపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఆ బస్సు ఛార్జీలు ఏ పద్దు కింద రాయాలో ఆసుపత్రి అకౌంట్స్ సెక్షన్‌ను ఒప్పించాల్సి ఉంటుంది.